పాత డబుల్ బ్యారెల్ తుపాకికి ఏ స్క్రూడ్రైవర్ కొనాలి?

చిత్తూరు, పుంగనూరు, పలమనేరు వైపు పాత ఇళ్లలో తాతల నాటి రెండు గొట్టాల తుపాకులు ఇంకా లైసెన్సు మీద ఉన్నాయి. తిరుపతిలో స్థిరపడి, ఊళ్లో తండ్రి పేరున ఉన్న తుపాకిని తమ పేరుకు మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు. కాల్చే పని పెద్దగా ఉండదు. ఏడాదికోసారి తీసి తుడుస్తారు, నూనె పెడతారు. అప్పుడే ఏదో స్క్రూ కాస్త వదులైనట్టు కనిపిస్తుంది. వెంటనే చెయ్యి ఇంట్లో ఉన్న టూల్ డబ్బా మీదకు పోతుంది. వందేళ్లు చెక్కుచెదరని స్క్రూ తల పాడైపోయేది ఆ ఒక్క నిమిషంలోనే.

పాత తుపాకులను పరిశీలించేవాళ్లు ముందుగా చూసేది కూడా స్క్రూ తలలనే. మంచి ఇంగ్లిష్ తుపాకిలో స్క్రూల గాళ్లన్నీ గొట్టం పొడవునా ఒకే దిక్కుగా నిలబడి ఉంటాయి. ఏదైనా ఒకటి పక్కకు తిరిగి ఉన్నా, గాడి అంచులు నలిగి ఉన్నా, ఎవరో తగని పనిముట్టుతో విప్పారని అర్థం. ఆ స్క్రూ ఏ షాపులోనూ దొరకదు. ఆ రోజుల్లో ఒక్కో స్క్రూనీ దాని రంధ్రానికి సరిపోయేలా చేత్తో చేసేవాళ్లు. తల పాడైతే కొత్తది తయారు చేయించుకోవాల్సిందే.

ముందు చట్టం సంగతి

ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకిని మరమ్మతు చేసే పని లైసెన్సు ఉన్నవాళ్లదే. కాబట్టి ఇక్కడ చెప్పే పనిముట్లు బయటికి కనిపించే స్క్రూల బిగుతు చూసుకోవడానికి, తుడిచి నూనె పెట్టుకోవడానికి మాత్రమే. తాళాల (తూటాను పేల్చే యంత్రాంగం, ఇంగ్లిష్‌లో లాక్) లోపలి భాగాలు, స్ప్రింగులు, ట్రిగ్గర్ బరువు, సేఫ్టీ ఇవన్నీ లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేతిలోనే ఉండాలి. "ఇది యాంటిక్ కదా, చట్టం వర్తించదు" అనే మాట మన వైపు బాగా వినిపిస్తుంది. 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే అది బాగు చేసినా, చేయకపోయినా తుపాకిగా పనికిరాని పాత ఆయుధానికే. తూటా పేలే స్థితిలో ఉంటే దాని వయసు నూట ఇరవై ఏళ్లయినా లైసెన్సు కావాల్సిందే.

ఏం చూసి కొనాలి

ధర, బ్రాండు తర్వాత చూడొచ్చు. ముందు చూడాల్సింది మొన మందం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

హార్డ్‌వేర్ షాపులో దొరికే చదును మొన స్క్రూడ్రైవర్లకు ప్రామాణిక కొలతలు ఉంటాయి. 3 మిల్లీమీటర్ల వెడల్పు మొన మందం 0.5 మి.మీ., 5.5 వెడల్పుది 1.0, 6.5 వెడల్పుది 1.2, 8 వెడల్పుదీ 1.2. అంటే వెడల్పు పెరిగేకొద్దీ మందమూ పెరుగుతుంది. పాత తుపాకి స్క్రూ దీనికి పూర్తిగా తలకిందులు. తల వెడల్పుగా ఉంటుంది, గాడి మాత్రం సన్నగా ఉంటుంది. మంచి పనితనం ఉన్న ఇంగ్లిష్ తుపాకుల్లో గాడి ఒక మిల్లీమీటరులో సగం దగ్గర ఉండటం మామూలే. తల వెడల్పు 7, 8 మిల్లీమీటర్లు, గాడి 0.6 ఉన్న స్క్రూకి 3 మిల్లీమీటర్లది పెడితే మందం సరిపోతుంది కానీ, బలమంతా గాడి నడుమనే పడి మొన మెలికపడుతుంది, లేదా గాడి అంచును చీరేస్తుంది. 8 మిల్లీమీటర్లదైతే గాడిలోకే దిగదు. ఏ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లినా సరిపోయేది దొరకకపోవడానికి కారణం ఇదే. షాపువాడి తప్పేమీ లేదు, ఈ కొలతలో సరుకే రాదు.

రెండోది మొన ఆకారం. మామూలు స్క్రూడ్రైవర్ మొన కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గాడి గోడలేమో నిట్టనిలువుగా ఉంటాయి. అప్పుడు మొన గాడి పై అంచునే పట్టుకుంటుంది, అడుగున ఖాళీగా ఉంటుంది. బలంగా తిప్పితే మొన పైకి ఎగదన్ని జారుతుంది. జారినప్పుడు లాక్ ప్లేట్ (తాళాన్ని మోసే పక్క ప్లేటు) మీది నగిషీ మీద గీత పడుతుంది. తుపాకి పని కోసం చేసే మొనలను లోపలికి కాస్త గుంటగా సానపడతారు. అంచు దగ్గర రెండు వైపులా సమాంతరంగా ఉండి గాడి అడుగు దాకా కూర్చుంటుంది.

మూడోది వెడల్పు. తల వెడల్పుకు సరిగ్గా సమానంగా, లేదా వెంట్రుకవాసి తక్కువగా ఉండాలి. ఎక్కువైతే చుట్టూ ఉన్న లోహాన్ని గీరుతుంది.

ఉక్కు గట్టితనం, పిడి పట్టు, కడ్డీ పొడవు ఆ తర్వాత. పొడవు విషయంలో ఒక్క మాట: పొట్టి కడ్డీతో చెయ్యి స్క్రూకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒరగకుండా నిటారుగా నొక్కడం సులువు.

కొనే ముందు మీ తుపాకి గాళ్లను కొలవండి. టాపెట్లు సెట్ చేయడానికి బైకు మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్ ఉంటే చాలు. ముందు వెదురు పుల్లతో గాడిలోని పాత జిడ్డు, తుప్పు పొడి గీకేయండి. గేజ్ రేకుల్లో గాడిలోకి బిగుతుగా దిగేది ఏదో అదే మీ మొన మందం. తల వెడల్పును వెర్నియర్‌తో చూసి, రెండూ ఒక కాగితం మీద స్క్రూ పేరుతో రాసుకోండి. ఈ కాగితం లేకుండా ఆన్‌లైన్‌లో సెట్ కొనడం డబ్బు వృథా.

ఒక్కో దారీ ఎలా ఉంటుంది

మొదటిది, ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్. టపారియా, స్టాన్లీ లాంటివి తమ పనికి మంచి పనిముట్లే. స్విచ్ బోర్డుకూ, మోటారు కవరుకూ చేసినవి అవి. ఉన్నవి ఉన్నట్టుగా వాటిని పాత తుపాకికి వాడొద్దు. ఒక మినహాయింపు ఉంది: బట్ (భుజానికి ఆనే చివర) వెనక ప్లేటుకు కర్రలోకి దిగే మరమేకుల గాడి సాధారణంగా కాస్త వెడల్పుగా ఉంటుంది. కొలత కుదిరితే అక్కడ వాడుకోవచ్చు.

రెండోది, మార్చుకునే బిట్ల సెట్. ఒక పిడి, దాంట్లో దిగే పావు అంగుళం షట్కోణ బిట్లు. గన్‌స్మిత్‌ల కోసం అమ్మే సెట్లలో మొనలు గుంటసాన పట్టి ఉంటాయి, వెడల్పు, మందం వేర్వేరు కలయికల్లో వస్తాయి. అమెరికాలో బ్రౌనెల్స్ సంస్థ అమ్మే మాగ్నా టిప్ ఈ రకానికి పేరుపొందినది. ఒక బిట్ విరిగితే అదొక్కటే మార్చుకుంటే చాలు. లోపం ఏమిటంటే పిడిలో బిట్ కొద్దిగా కదులుతుంది. ఆ కదలిక సన్నటి గాడికి మంచిది కాదు. కొన్నప్పుడు బిట్‌ను పిడిలో పెట్టి ఊపి చూడండి. విదేశం నుంచి తెప్పిస్తే కొరియరు, కస్టమ్స్ సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది. ఇక్కడి ఆన్‌లైన్ షాపుల్లో "గన్ స్క్రూడ్రైవర్ సెట్" అని వచ్చే చౌక రకాల్లో పేరు మాత్రమే గన్‌ది, మొన మామూలు వాలు మొనే. ఫొటోలో మొనను పక్కనుంచి చూపించకపోతే కొనకండి.

మూడోది, కడ్డీ, పిడి ఒకటిగా ఉండే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్లు. గ్రేస్ యూఎస్ఏ చేసే చెక్క పిడి సెట్ లాంటివి. కదలిక ఉండదు, చేతికి నమ్మకంగా ఉంటాయి. వీటి కొలతలు అమెరికన్ తుపాకుల కోసం ఎంచినవి కాబట్టి పాత ఇంగ్లిష్ గాళ్లకు మందం ఎక్కువగా అనిపించవచ్చు. మళ్లీ సాన పట్టాల్సి రావచ్చు.

నాలుగోది, ఇంగ్లిష్ తరహా టర్న్‌స్క్రూలు. కోడిగుడ్డు ఆకారపు చెక్క పిడి, చదునైన వెడల్పాటి కడ్డీ. పాత తుపాకి పెట్టెల్లో తుపాకితోపాటు వచ్చేవి ఇవే. మీ ఇంట్లో తుపాకి పాత పెట్టె ఉంటే మూలల్లో వెతకండి, ఆ తుపాకికే సానపట్టినది దొరికితే దానికి మించినది లేదు. కొత్తగా కొంటే మాత్రం ఖరీదైన వ్యవహారం. అవి కూడా కొన్నవి కొన్నట్టుగా సరిపోవు, మొనను తుపాకికి తగ్గట్టు దిద్దుకోమనే ఇస్తారు.

ఐదోది నాకు బాగా నచ్చినది: మంచి ఉక్కు ఉన్న 8 మిల్లీమీటర్ల మామూలు స్క్రూడ్రైవర్ ఒకటి, 5.5ది ఒకటి కొని, మీ స్క్రూల కొలతకు సానపట్టించుకోవడం. రేణిగుంట రోడ్డు వైపు ఏ లేత్ వర్క్స్‌లోనైనా బెంచ్ గ్రైండర్ ఉంటుంది. గుండ్రటి గ్రైండింగ్ చక్రం మీద మొనను అడ్డంగా ఆనిస్తే ఆ చక్రం వంపే గుంటసాన ఇస్తుంది, వేరే యంత్రం అక్కర్లేదు. కానీ గ్రైండర్ మీద ఉక్కు త్వరగా వేడెక్కుతుంది. మొన మీద నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు పదును పోయి మెత్తబడినట్టే. అందుకే రెండు సెకన్లు ఆనించి నీళ్లలో ముంచడం, మళ్లీ ఆనించడం. పనివాడికి ముందే చెప్పండి: "అన్నా, తొందర లేదు, నీలం రాకూడదు." నీలం వస్తే అంత మేర కోసేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆఖరి మందం గ్రైండర్ మీద తేవద్దు. కొంచెం ఎక్కువగా ఉంచి ఇంటికి తెచ్చుకుని, ఆయిల్ స్టోన్ మీద నెమ్మదిగా రుద్దుతూ, ఫీలర్ గేజ్ పక్కన పెట్టి చూసుకుంటూ తగ్గించండి. మూలలను కొద్దిగా మొద్దు చేయండి, గీరకుండా. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మొనను గాడిలో పెట్టి, తుపాకిని సమంగా ఉంచి చెయ్యి తీసేయండి. స్క్రూడ్రైవర్ ఊగకుండా నిటారుగా నిలబడాలి.

ఆరోది, ఏమీ కొనకుండా గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లడం. ఇది ఓడిపోవడం కాదు. కొందరికి ఇదే మంచి దారి, ఎవరికో కింద చెప్తాను.

| దారి | గాడికి సరిపోవడం | ఖర్చు | శ్రమ | ఎవరికి |
|---|---|---|---|---|
| మామూలు స్క్రూడ్రైవర్ | చాలా తక్కువ | తక్కువ | లేదు | బట్ ప్లేటుకు మాత్రమే |
| గుంటసాన బిట్ల సెట్ | బాగా | మధ్యస్థం నుంచి ఎక్కువ | తక్కువ | రెండు మూడు రకాల తుపాకులు చూసుకునేవారికి |
| ఒకే ముక్క గన్‌స్మిత్ సెట్ | పర్వాలేదు, దిద్దుకోవాలి | ఎక్కువ | కొంత | పనిముట్లంటే ఇష్టం ఉన్నవారికి |
| ఇంగ్లిష్ టర్న్‌స్క్రూలు | దిద్దితే అన్నిటికన్నా బాగా | చాలా ఎక్కువ | కొంత | విలువైన ఇంగ్లిష్ తుపాకి ఉన్నవారికి |
| కొని సానపట్టించినది | దిద్దితే చాలా బాగా | తక్కువ | ఎక్కువ | ఒకే తుపాకి, ఓపిక ఉన్నవారికి |
| గన్‌స్మిత్ | ఆయన చూసుకుంటారు | పనిని బట్టి | ప్రయాణం | లోపలి పని దేనికైనా |

మీ తుపాకి రకాన్ని బట్టి

బయటికి గుర్రాలు (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తులు) కనిపించే పాత హ్యామర్ తుపాకి అయితే, పక్కన లాక్ ప్లేట్లను పట్టుకునే స్క్రూ ఒకటి అడ్డంగా ఒక వైపు నుంచి మరో వైపుకు పోతుంది. దాని తల చిన్నది, గాడి సన్నం. గుర్రం మధ్యలో ఉన్న స్క్రూను ఇంట్లో ముట్టుకోవద్దు. గుర్రం బిగుసుకుపోయి ఉంటుంది, లాగడానికి ప్రయత్నిస్తే లోపలి ఇరుసు పాడవుతుంది.

బాక్స్‌లాక్ అంటే 1875లో ఆన్సన్, డీలీ పేటెంట్ తీసుకున్న పద్ధతి. పక్క ప్లేట్లు ఉండవు, యాక్షన్ (గొట్టాలకూ కర్రకూ మధ్య ఉండే లోహపు భాగం) అడుగున ప్లేటు ఉంటుంది. మన వైపు పాత తుపాకుల్లో ఈ రకం కూడా చాలా కనిపిస్తుంది. అడుగు ప్లేటు స్క్రూల బిగుతు చూడటం వరకే మన పని. ప్లేటు తీస్తే లోపల వీ ఆకారపు మెయిన్ స్ప్రింగులుంటాయి. వాటిని సరైన క్లాంపు లేకుండా విప్పితే స్ప్రింగు విరుగుతుంది, వేలూ తెగుతుంది.

పక్క ప్లేట్ల మీదే తాళాలుండే సైడ్‌లాక్‌లలో కొన్నిటికి స్క్రూ తల బదులు చిన్న లివర్ ఉంటుంది, చేత్తోనే తాళం ఊడదీయవచ్చు. హాలండ్ అండ్ హాలండ్ తుపాకుల్లో ఇది ప్రసిద్ధం. వీటికి స్క్రూడ్రైవరే అక్కర్లేదని సంబరపడి మాటిమాటికీ తీసేవాళ్లుంటారు. తీసిన ప్రతిసారీ కర్ర అంచు కొద్దిగా అరుగుతుంది. తడిసినప్పుడు తప్ప తీయకండి.

ఇంకొక చిన్న సంగతి. కొన్ని మంచి తుపాకుల్లో పెద్ద స్క్రూ పక్కన చిట్టి స్క్రూ ఉంటుంది. పెద్దది తిరగకుండా అది కాపలా. దాన్ని ముందు తీయకుండా పెద్దదాన్ని తిప్పితే రెండూ పోతాయి. చిట్టిదానికి గడియారాలు బాగు చేసేవాళ్లు వాడే రకం స్క్రూడ్రైవర్ పనికొస్తుంది.

బిగించడమే మందు కాని చోట్లు

చిత్తూరు ఎండల్లో పాత వాల్‌నట్ కర్ర ఎండి కొంచెం ముడుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో మళ్లీ ఉబ్బుతుంది. మే నెలలో వదులుగా కనిపించిన స్క్రూని గట్టిగా బిగిస్తే, లోహం కర్రలోకి ఇంకా లోతుగా దిగుతుంది, గాడి దిక్కు దాటిపోతుంది, వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు లాక్ ప్లేటు వెనకాల పగులు వస్తుంది. గాడి పాత దిక్కుకు చేరిందా, అక్కడితో ఆపండి. అక్కడా వదులుగానే ఉంటే అది కర్ర సమస్య, స్క్రూది కాదు.

నూనె వల్ల వచ్చే సమస్య ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. తుపాకిని గొట్టం పైకి పెట్టి మూల నిలబెడితే, ఏళ్ల తరబడి పోసిన నూనె కిందికి జారి యాక్షన్ వెనక కర్రలోకి ఇంకుతుంది. కర్ర నల్లబడి మెత్తబడుతుంది. అలాంటి కర్రలో స్క్రూ ఎంత బిగించినా నిలవదు. నూనె తక్కువ పెట్టండి, గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి.

మూడోది గొట్టాలే కదలడం. గొట్టాల కింద చెయ్యి పట్టుకునే కర్ర తీసేసి తుపాకిని మెల్లగా ఊపితే గొట్టాలు, యాక్షన్ మధ్య టకటక చప్పుడు వస్తుందా? వస్తే కీలు అరిగిందని. దాన్ని బిగించాలని యాక్షన్ ముందు కనిపించే పెద్ద స్క్రూ మీద చెయ్యి వేయకండి. ఇది ఏ స్క్రూడ్రైవర్‌తోనూ పోదు, ఆ తుపాకితో తూటా కాల్చకూడదు కూడా. గొట్టం మీద అలల్లాంటి డమాస్కస్ గీతలుంటే, అది నల్ల మందు కాలానిదై ఉండొచ్చు. ఇప్పటి తూటా పెట్టే ముందు ప్రూఫ్ ముద్రలు (గొట్టం బలాన్ని పరీక్షించి కొట్టిన గుర్తులు) గన్‌స్మిత్‌తో చదివించుకోండి.

బిగుసుకుపోయిన స్క్రూ

ముందుగా తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడండి, రెండు గొట్టాలూ తెరిచి, వెలుతురులోకి పట్టి. తర్వాత గొట్టాలను విడదీసి పక్కన పెట్టండి.

స్క్రూ కదలకపోతే తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచండి. చుక్క చాలు, కర్రలోకి ఇంకకూడదు. మర్నాడు కూడా కదలకపోతే వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కొద్దిసేపు ఆనించండి. వేడికి తుప్పు పట్టు సడలుతుంది. తర్వాత స్క్రూడ్రైవర్‌ను శరీర బరువుతో నిటారుగా నొక్కి, మొదట బిగించే వైపు వెంట్రుకవాసి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్, కార్డ్‌లెస్ డ్రిల్లు వాడొద్దు. రెండుసార్లకు రాకపోతే గన్‌స్మిత్ దగ్గరికే.

నేను ఎవరికి ఏది చెప్తాను

ఒకే తుపాకి ఉండి, ఏడాదికోసారి తుడిచి పెట్టేవారైతే ఐదో దారి. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ఫీలర్ గేజ్, ఒక ఆయిల్ స్టోన్. ఆ రెండు స్క్రూడ్రైవర్ల మీద తుపాకి పేరు రాసి, వాటిని వేరే పనికి తీయకుండా తుపాకి పెట్టెలోనే ఉంచాలి. పిల్లలు సీలింగ్ ఫ్యాను బిగించడానికి తీసుకెళ్తే పడ్డ శ్రమంతా పోతుంది.

ఇంట్లో ఒక బెల్జియం తుపాకి, ఒక ఇండియన్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ తుపాకి, ఇలా రెండు రకాలు ఉంటే బిట్ల సెట్ మేలు. గాళ్లు వేర్వేరు మందంలో ఉంటాయి కాబట్టి అన్నిటికీ విడివిడిగా సానపట్టించడం కష్టం. చెన్నై ప్యారిస్ కార్నర్ వైపు టూల్స్ బజారుకు పనుండి వెళ్లినప్పుడు బిట్లను చేత్తో పట్టి చూసి కొనడం ఆన్‌లైన్ కన్నా నయం. వెళ్లేటప్పుడు కొలతల కాగితం మర్చిపోకండి.

పేరున్న ఇంగ్లిష్ తయారీ, నగిషీ చెక్కిన ప్లేట్లు ఉన్న తుపాకి అయితే టర్న్‌స్క్రూ సెట్‌కు పెట్టే డబ్బు ఎక్కువ కాదు. ఒక్క గీత పడితే పోయే విలువ ముందు ఆ ఖర్చు చిన్నది.

చేతికి వణుకున్న పెద్దవాళ్లు, కళ్లు సరిగా కనిపించనివాళ్లు, పనిముట్లు ముట్టే అలవాటు లేనివాళ్లు ఏమీ కొనవద్దు. ట్రిగ్గర్, సేఫ్టీ, గుర్రం పనితీరులో ఏ తేడా ఉన్నా ఇక్కడ చెప్పిన పనిముట్లు ఏవీ పనికిరావు. అలాంటప్పుడు తుపాకిని ఖాళీగా, గొట్టాలు విడదీసి, సంచిలో పెట్టి, ఒరిజినల్ లైసెన్సు వెంట తీసుకుని వెళ్లండి. అప్పజెప్పే ముందు ప్రతి స్క్రూ తలకూ ఫోనులో దగ్గర నుంచి ఫొటో తీసుకోండి, గాడి ఏ దిక్కున ఉందో కనిపించేలా. తిరిగి తీసుకునేటప్పుడు ఆ ఫొటోలు పక్కన పెట్టి చూసుకుని, రసీదు మీద తుపాకి నంబరు లైసెన్సులో ఉన్న నంబరుతో సరిపోయిందో లేదో చూసుకున్నాకే బయటికి రండి.